తాళాలన్న చెవి

కోర్టు పంపిన మతిచెడినవాళ్లుండే వార్డులో అటెండరుని అందరూ తాళాలన్న అంటారు. తాళాలగుత్తి గలగలమంటే లోపలివాళ్లు బెదురుతారని దానికి గుడ్డ చుట్టి మొలలో దోపుకుంటాడు. ఏ గదిలోంచి వచ్చినా వీపు చూపకుండా వెనక్కి నడిచే వస్తాడు. సోమవారం సోమవారం అందరి గోళ్లూ తానే తీస్తాడు. మనిషి ఆ పూట తిన్నగా ఉన్నాడో లేదో చెయ్యి పట్టుకుంటే తెలిసిపోతుందంటాడు. ఆ సోమవారం మాత్రం తెలియలేదు. తండ్రిని సుత్తితో కొట్టి చంపి వచ్చినవాడు, "తాళాలన్నా, తాళాలిస్తావా చస్తావా!" అంటూ మీదపడి, గొంతు పట్టుకుని, ఎడమ చెవి సగం కొరికి నేలమీద ఉమ్మాడు. నలుగురు కలిసి మోకాళ్లతో అదిమితేగాని గొంతు వదల్లేదు.

మర్నాడు పోలీసాయన వాడి గది బయటే కాగితం తీశాడు. "కరిచేటప్పుడు నిన్ను గుర్తుపట్టాడా? పట్టాడంటే మతి ఉన్నట్టే, జైలుకి పంపేస్తారు." ఇదివరకు అలా పంపినవాణ్ని జైల్లో పదిరోజులకే తల పగలగొట్టి చంపారు. శవాన్ని చూసి ఫలానా అని చెప్పింది తాళాలన్నే.

"లేద్సార్. నన్ను పట్టుకుని 'నాన్నా' అన్నాడు."

మళ్లీ సోమవారం గోళ్లకత్తెరతో వాడి గదిలోకి వెళ్లాడు. వాడు చెయ్యి చాచి, "నేను 'నాన్నా' అనలేదు కదన్నా?" అన్నాడు.

"నోర్మూసుకుని కదలకుండా కూర్చో," అని తాళాలన్న, బాగున్న చెవిని అవతలికి తిప్పుకుని, వాడి బొటనవేలు పట్టుకున్నాడు.