ఆప్షన్లు లేని ప్రశ్న

బ్యాంకు పరీక్ష కోసం అమీర్‌పేట్‌లో ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుంటూ ఇంగ్లిష్ బట్టీ పడుతున్నాను. నిన్నటి మాక్ టెస్టులో ఇడియమ్స్ అన్నీ కరెక్టే. ఈ రోజు పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్లాను. మేనేజర్ మేడమ్ మీ గురించి చెప్పండని ఇంగ్లిష్‌లో అడిగింది. ప్రతి మాటా అర్థమైంది, నోరు మాత్రం పెగల్లేదు. ఆమె జాలిగా నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

హాస్టల్‌కొచ్చి చెబితే రూమ్మేట్ సలీం నమ్మలేదు.

"ఒక్క ముక్క సుత మాట్లాడలేదా? టెస్టుల నువ్వే గద ఫస్టు!"

"టెస్టుల నాలుగు ఆప్షన్లిస్తరు భాయ్. ఆమె ఒక్కటి సుత ఇయ్యలే."

సలీం నవ్వలేదు. రేపు వాడి ఇంటర్వ్యూ కూడా అక్కడే.

ఈ కోచింగుల్లో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. తెలుగులో చెప్పినా పరవాలేదు.