చుక్కల చావు చెప్పిన టీచరమ్మ

మా పక్కింటి సైన్సు టీచరమ్మ పోయిందని ఆమె చెల్లెలు వచ్చి చెప్పినప్పుడు నాకు దుఃఖమే కలిగింది. సాయంత్రం కల్లూరు వీధి మలుపులో ఆమె పనిచేసిన ప్రైవేటు పాఠశాలవారు కట్టిన ఫ్లెక్సీ చూశాను. 'నింగికెగసిన తార' అని ఉంది. అప్పటినుండి నాలో ఉన్నది కోపమే.

ఆమెది బద్వేలు. ఆదివారం చర్చి నుండి వచ్చి మా అరుగుమీద వేరుశనగకాయలు ఒలుస్తూ నా పురాణం వినేది, విని ఎత్తిపొడిచేది. "అయ్యవారూ, మీ పద్యాల్లో సచ్చినోళ్లంతా సుక్కలయితారు. సుక్కలు సస్తే ఏమయితాయో ఒక్కరూ రాయరే?"

తానే చెప్పింది. మహానక్షత్రం మండి మండి చివరకు ఇనుము దాకా వస్తుంది. ఇనుము మండి వేడినివ్వదు. లోపలి ఆసరా పోగానే దాని గర్భం క్షణంలో తనలోకే కూలుతుంది. ఇక నలగలేనంత గట్టిపడి ఎదురు తన్నుతుంది. పై పొరలు పేలి దిక్కులకు చిమ్ముకుంటాయి. పదార్థమంతా ఈ కాయల వంటిదేననీ, డొల్లలోని ఖాళీ పోతే గదినిండా ఉన్నది గుప్పిట్లో ఇముడుతుందనీ చూపేది. ఆ మిగిలిన గడ్డ చెంచాడు తీస్తే కొండంత బరువట, బొంగరంకన్నా వేగంగా తిరుగుతుందట. అదీ నిలువలేనంత బరువైనదైతే, వెలుగును సైతం బయటికి పోనీయని కృష్ణబిలమవుతుందట. ప్రళయాన్ని శ్లోకాల్లోనే చదివిన నాకు దాని నడక చూపించింది ఆమె.

ఇదే పాఠం పదో తరగతి ఆడపిల్లలకు చెప్పినందుకు, పరీక్షకు రానిదెందుకని యాజమాన్యం ఆమె నుండి ఆ తరగతిని లాగేసుకుంది. తిరిగి ఇమ్మని అడుగుతూనే పోయిందామె.

ఆ పాఠశాల నడిపే కరస్పాండెంటే నా గడప తొక్కి, ఆమె నక్షత్రమైందని సంతాపసభకొక సీసపద్యం కోరాడు.

"ఏ సుక్కప్పా? మీరు ఆయమ్మను సెప్పనియ్యని సుక్కేనా?" అన్నాను.

"పోయినామె గురించి ఇప్పుడెందుకు స్వామీ ఇవన్నీ" అని నసిగాడు.

సభకు వెళ్లాను. పద్యం చదవలేదు, ఆమె పాఠం మొదలుపెట్టాను. ఇనుము దగ్గరికి రాగానే మైకు ఆపించారు. పురాణం చెప్పి పండిన గొంతుకు మైకు అక్కరలేదు. కానీ ఆ మిగిలిన గడ్డ అంత వేగంగా ఎందుకు తిరుగుతుందన్న చోట నాకు మాట అందలేదు.

వెనుక వరుసలో ఆమె శిష్యురాలొకతె లేచింది. చేతులు బారచాపి మెల్లగా గిరగిర తిరిగింది. తిరుగుతూనే, తనలోకి కూలే చుక్కలా, చేతులను గుండెకు అదుముకుంది. వేగం పెరిగింది. జడ గాలిలోకి లేచింది. కూర్చోమని వేదికమీదినుండి అరుస్తున్నా ఆ పిల్ల తిరుగుతూనే ఉంది.