అమ్మకు కనబడ్డ లాంతరు

దయ్యాలు, దర్శనాలు అని ఎవరన్నా చెప్తే నేను నవ్వేదాన్ని. ఏండ్ల సంది బడిల సైన్స్ చెప్తున్న. అమ్మతోని చర్చికి పోయేదాన్నే గానీ, కండ్లతోని చూసిందే నమ్మేది. ఇది మాత్రం నేను చూడలే. అమ్మ చూసింది. అప్పటికి అమ్మకు చూపు లేదు.

మాది పినపాక దగ్గర అడివి అంచు పల్లె. నాయిన బొగ్గు బావిల పనిచేసేటోడు. ఈస్టర్ నాడు చీకటితోనే లేచి, ఊర్ల క్రైస్తవులందరం సమాధుల తోటకు పోయి పొద్దు పొడిచేదాక పాటలు పాడేది. గాలికి ఆరకుండా అమ్మ కొబ్బరి చిప్పల కొవ్వొత్తి నిలబెట్టి నా చేతికిచ్చేది. కరిగిన మైనం వాసన, తడి గడ్డి, ముందు నడిచే అమ్మ చీర అంచు... ఈస్టర్ అంటే నాకు ఇప్పటికీ గవే.

పెద్దయినంక అమ్మకు నీటికాసులొచ్చి రెండు కండ్లు పోయినయ్. వెలుతురు గూడ తెల్వదని ఖమ్మంల కంటి డాక్టర్ కాయితం మీద రాసిచ్చిండు. అయినా చూపు పోయిన రెండో యేడు, ఈస్టర్‌కు పోవాల్సిందేనని పట్టుబట్టింది.

ముందు రోజు గాలివాన కొట్టింది. మా ఇల్లు ఊరి చివర. మాకు దగ్గరి దారి జామాయిల్ తోటలకెల్లి. ఒక చేతిల అమ్మ చెయ్యి, ఇంకో చేతిల ఫోన్ టార్చ్. తోట మొదట్ల అమ్మ ఆగిపోయింది.

"ఇటు వద్దు బిడ్డా. వాగు గట్టు మీదికెల్లి పోదాం. లాంతరు అటే పోతుంది."

"ఏం లాంతరమ్మా? ఎవ్వరు లేరు."

"మోకాలెత్తుల పట్టుకొని పోతున్నరు. జల్దీ నడువు, దూరమైతుంది."

నాకు చీకటి తప్ప ఏం కనబడలే. వాదించిన, వినలే. రెండేండ్లుగ నేను నడిపిస్తే నడిచిన మనిషి, ఆ పొద్దు నన్ను లాక్కపోయింది. గట్టు మీద రాళ్ళు, బురద. ఎక్కడా అడుగు తప్పలే. సమాధుల తోట గేటు కాడ ఆగి, "ఇగ కనబడ్తలేదు" అన్నది.

తెల్లారినంక తెలిసింది. జామాయిల్ తోటల కరెంటు తీగ తెగి పడ్డదట. దాన్ని తొక్కి ఒక బర్రె చచ్చిపోయింది. పోయి చూసిన. తీగ మేము నడవాల్సిన బాటకు అడ్డంగనే ఉంది.

అమ్మను మళ్ళ డాక్టర్‌కు చూపించిన. కండ్లల్ల లైటు కొట్టి, "ఏమన్నా తెలుస్తుందా?" అని అడిగిండు.

"ఏం లేదు సార్."

తీగ చప్పుడు విన్నదా అంటే, తోటల అంత దూరం లోపల ఉంది అది. నేను వెతికిన కారణాలేవీ నిలబడలే.

ఆ తర్వాత నాలుగేండ్లు బతికింది. ఒకనాడు ఆమె తల దువ్వుకుంట అడిగిన, "అమ్మా, ఆ లాంతరు మళ్ళెప్పుడన్నా కనబడ్డదా?"

"లే బిడ్డా. మళ్ళ అవసరం పడలే గద."

అమ్మ ఇప్పుడు లేదు. ఆ పొద్దు ఆమె ఏం చూసిందో నాకు ఈనాటికీ అర్థం కాలే. అర్థం కాలేదని చెప్పుకునుడుకు మాత్రం ఇప్పుడు సిగ్గుపడ్తలేను.