విఠల్ సార్ లైను చూసే తీరు

మా కంట్రోల్ రూములో ఏదైనా సర్వర్ ఆగిపోతే కీచుమని ఒక చప్పుడు వస్తుంది. అది వింటే చాలు, నారాయణఖేడ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల పుల్లటి వాసన నా ముక్కుకు తగులుతుంది. మొన్న మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి సర్వర్లకు చెకింగులు పెడుతోంది. అంటే సర్వర్లు బాగున్నాయా లేదా అని మరో మిషన్ మాటిమాటికీ అడిగి తెలుసుకునే ఏర్పాటన్నమాట. పిలిస్తే సర్వర్ పలుకుతోందా అన్నంతవరకే చూసి వదిలేసింది. "పలికితే బాగున్నట్టే కదా మేడమ్" అంది. నాకు చర్రున కోపం వచ్చింది. పాపం, ఆ పిల్లదేం తప్పులేదు. నాకు విఠల్ సార్ గుర్తొచ్చారు, అంతే.

తొంభైల మొదట్లో నేను ఆ ఎక్స్ఛేంజిలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనే మా పై అధికారి. కంగ్టి అవతలి పల్లె మనిషి. ఆయన గొంతుకు ఫోన్ అవసరమే లేదని మేం నవ్వుకునేవాళ్ళం. అప్పుడే కొత్త ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. దానికో అలారం బోర్డు. కరెంటు కాస్త తగ్గినా గంట గణగణలాడేది. విసిగిపోయి నేను ఒకరోజు గంట తీగ పీకేయబోయాను.

"ఏయ్ బిడ్డా, ఏం జేస్తున్నవ్? గా గంట మొత్తం బంద్ జేస్తే రేపు నిజంగ లైన్ పోయిననాడు ఎవలు చెప్తరు?" అని గద్దించారు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని ఏ తప్పుకు గంట మోగాలో, దేనికి బల్బు వెలిగితే చాలో ఒక్కొక్కటీ నాచేతనే మార్పించారు. "ఒక్కసారి పలుకకుంటే మోగనియ్యకు. మళ్ల అడుగు. గప్పుడు గూడ పలుకకుంటే ఇగ మోగనియ్యి" అన్నారు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క పాఠం మీదే నడిచింది.

చుట్టుపక్కల పల్లెలకు రేడియో ద్వారా ఒక్కో పబ్లిక్ ఫోన్ ఉండేది. బోర్డు మీద పచ్చ బల్బు ఉన్నా సార్ నమ్మేవారు కాదు. రోజూ పొద్దున్నే ప్రతి పల్లెకూ ఫోన్ చేసి, "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవారు. అటునుంచి "పుంటికూర సార్" అని జవాబు వస్తేనే ఆ లైను బాగున్నట్టు. నేను నవ్వితే ఒకసారి విడమరచి చెప్పారు.

"హలో అనుడు అందరికి అలవాటు. ఏం వినరాకున్నా హలో అంటనే ఉంటరు. నేను అడిగినదానికి జవాబు రావాలె. గప్పుడే నా మాట అటు పోయినట్టు, వాళ్ల మాట ఇటు వచ్చినట్టు."

ఒక్క ఊరిని మాత్రం ఆయన ఏమీ అడిగేవారు కాదు. అది ఆయన సొంతూరే. అక్కడి ఫోన్ తమ్ముడు మాణిక్ కిరాణా దుకాణంలో ఉండేది. బావి నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములు పోట్లాడుకుని మాటలు మానేశారు. మాణిక్ "హలో" అనగానే సార్ ఫోన్ పెట్టేసేవారు. వాళ్ళు అవ్వ అని పిలిచే ముసలి తల్లి మాణిక్ దగ్గరే ఉండేది. ఆమెను చూడాలని ఉన్నా, తమ్ముడి గడప తొక్కనని మొండికేసి కూర్చున్నారు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఆ ఊరి నుంచే ఫోన్ వచ్చింది. సార్ ఎత్తారు. "హలో, అన్నా, నువ్వేనా?" అన్న మాణిక్ గొంతు పక్కనున్న నాకూ వినిపించింది.

"నేనే. చెప్పు" అన్నారు సార్.

"అన్నా?" అని మళ్ళీ ఒకసారి పిలిచి మాణిక్ పెట్టేశాడు.

"జూసినవా? చెప్పమంటే చెప్పడు" అని సార్ ముఖం ఎర్రగా చేసుకున్నారు. లైను ఒకసారి చూద్దామా అని అడిగాను. "పొద్దున జూసిన గద, మంచిగనే ఉంది. లైనుకేం కాలే. వానికే పొగరు" అన్నారు.

మర్నాడు మొదటి బస్సులో ఆ ఊరి మనిషి వచ్చాడు, తల్లి పోయిందన్న కబురుతో.

అంత్యక్రియలు అయ్యాక, మాణిక్ దుకాణం నుంచి ఎక్స్ఛేంజికి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. సార్ గొంతు. "సుజాతా, వినవస్తుందా? ఏదన్న మాట్లాడు బిడ్డా." వినిపిస్తోంది సార్ అన్నాను. "మాట్లాడు బిడ్డా" అని ఆయన మళ్ళీ అడిగారు. నేను అరిచి చెప్పాను. నా మాట అటు పోవడం లేదని అప్పుడు అర్థమైంది.

"గా దినం గూడ గిట్లనే అయింది అన్నా" అంటున్నాడు పక్కన మాణిక్. "అవ్వ పెద్దోడు వస్తుండా అని ఒకటే అడుగుతుండె. పిలిస్తే నువ్వు పలుకకపోతివి. కోపం మీదున్నవనుకున్న."

"పలికిన మాణిక్. చెప్పు అన్న. నేను పలికిన." ఆ పెద్ద గొంతు పసిపిల్లాడిలా ఏడుస్తోంది. వినడం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

సార్ ఆ లైను బాగుచేయించారు. అన్నదమ్ములు మళ్ళీ కలిసిపోయారు. అయినా ఆ తర్వాత ఆయన నవ్వడం నేను పెద్దగా చూడలేదు. ఇప్పుడాయన లేరు. ఇంత మంచి మనిషికి ఇలా జరిగిందేమిటని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నావాళ్ళెవరైనా ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే, కోపమేమో అనుకుని ఊరుకోవడం నాకిక చేతకాదు. బస్సెక్కి వెళ్ళి తలుపు తడతాను. చాలాసార్లు అది నిజంగా కోపమే అయి ఉంటుంది. ఎదురుగా కూర్చుని తిట్లు తిని వస్తాను. విఠల్ సార్‌కు వాళ్ళ అవ్వ నోటి తిట్లయినా దక్కలేదు.