యోమ్ కిప్పూర్‌కి నేనిచ్చిన క్షమాభిక్ష

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికుండే ధైర్యం మరెప్పుడూ ఉండదు. ఆ ధైర్యంతోనే, దేశం కాని దేశంలో, పారమట్టాలో, నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాకముందే, జ్వరమని సెలవు పెట్టి మా హీరో కొత్త సినిమా మొదటి ఆటకు వెళ్లాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, ఆ అతుకు దేవుడే వేశాడు. ఈలలూ కేకలూ వేసి వేసి మర్నాటికి గొంతు పూర్తిగా పోయింది. నా బొంగురు గొంతు విని మా మేనేజరు "అయ్యో పాపం" అన్నారు. (అరవయ్యేళ్ల యూదు మహిళ. ఆఫీసులో అందరూ ఆవిడను పేరు పెట్టే పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాక "మేడమ్" అనేవాణ్ణి.)

రెండు వారాల తర్వాత ఓ మధ్యాహ్నం ఆవిడ నా దగ్గరకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద ఆ శుక్రవారం సంతకం పెట్టాల్సింది ఆవిడే. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ సాయంత్రం నుంచి మాకు యోమ్ కిప్పూర్, ఉపవాసముండి తప్పులకు క్షమాపణ వేడుకునే పండుగ. దేవుడి పట్ల చేసిన తప్పుల్ని దేవుడు మన్నిస్తాడు. మనుషుల పట్ల చేసినవి మాత్రం ముందుగా ఆ మనుషులే మన్నించాలి," అన్నారు. "నువ్వు సిక్ లీవ్ పెట్టిన రోజు అబద్ధం ఆడుతున్నావనుకున్నాను. మర్నాడు నీ గొంతు విని సిగ్గుపడ్డాను. నన్ను క్షమిస్తావా?"

నిజం చెబితే ఉద్యోగం హుళక్కి! "పర్లేదు మేడమ్, నేనేం మనసులో పెట్టుకోలేదు," అన్నాను, పీఠాధిపతిలా చెయ్యెత్తి మరీ.

ఇంటికెళ్లి చెబితే మా రూమ్మేట్ (థియేటర్లో నా పక్కనే కూర్చుని ఈలలేసినవాడే) పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, సినిమా చూసింది నువ్వు, సారీ చెప్పింది ఆవిడా? కళ్లు పోతాయిరా!" ఆ భయంతో మర్నాడు నేనూ ఉపవాసం పట్టాను. మన ఉపవాసం సంగతి తెలిసిందేగా, అన్నం ఒక్కటే నిషిద్ధం. పొద్దున అరటిపళ్లూ పాలూ, మధ్యాహ్నం సగ్గుబియ్యం ఉప్మా, సాయంత్రం పెసరట్లు. మూడో అట్టు దగ్గర రూమ్మేట్ ఫోన్‌లో ఏదో చదివి, "వాళ్లు నిన్న సాయంత్రం నుంచి వాటర్ కూడా టచ్ చెయ్యరట్రా. పాపం ఆవిడ నీ తప్పుకి కూడా కలిపి కడుపు మాడ్చుకుంటోంది," అన్నాడు. ఆ అట్టు అలాగే పక్కన పెట్టేశాను. నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు ఆఫీసుకెళ్లి సినిమా, ఈలలు, పెసరట్లతో సహా మొత్తం చెప్పేశాను. నేను మనసులోనే పెట్టె సర్దుకుంటున్నాను.

"అయితే నేననుకున్నదే నిజమన్నమాట," అన్నారు అంతా విని. "ముందు నా క్షమాపణ నాకు తిరిగిచ్చెయ్."

ఇచ్చేశాను.

"ఇప్పుడు నువ్వడుగు."

అడిగాను. క్షమించారు. శుక్రవారం సంతకమూ పెట్టారు.

ఇప్పుడావిడ రిటైరయ్యారు. ఏటా ఆ పండుగ ముందు ఫోన్ చేస్తాను. "ఈ ఏడాది ఏం వెలగబెట్టావు?" అని ఆశగా అడుగుతారు. వెతుక్కుంటే ఏముంది, ఒకరి ఫోన్ ఎత్తలేదు, ఇంకొకరి మీద విసుక్కున్నాను. "ఇంతేనా?" అంటారు నిరాశగా. నిజమే, ఆనాటి నాలోని కుర్రవెధవ చేసినంత దర్జా అయిన తప్పు మళ్లీ నా వల్ల కాలేదు. వాడంటే నాకిప్పటికీ కాస్త అసూయే.