ఆటలు లేని నెలలు

మా జట్టు పోయిన సీజన్‌లోనూ క్రిస్మస్‌కి ముందే చేతులెత్తేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ళు అక్కడితో అయిపోయిందనుకుంటారు. నాలాంటి అభిమానులకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎవర్ని తీసేస్తారు, ఎవరి మోకాలు ఎలా ఉంది, ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో ఏ కాలేజీ ఆటగాణ్ణి ఎంచుకుంటారు. ఆటలున్నప్పుడు వారానికి ఒక్కరోజు చూస్తే సరిపోయేది. ఆటలు లేని నెలల్లో రోజూ ఫోన్ పట్టుకునే ఉండేవాణ్ణి. ఓడిపోయే జట్టు మీద ఆశ ఉండేది ఆ నెలల్లోనే. ఓడిపోవడానికి అప్పుడు ఆటే ఉండదు.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌లో నాతోపాటు ఈ ఆట చూసేది మా అమ్మాయి ఒక్కతే. మా ఆవిడకు ఆ గుద్దుకోవడాలు పడవు. నిజానికి నాకు రూల్స్ నేర్పింది అమ్మాయే, చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు, సోఫాలో నా పక్కన కూర్చుని. ఈ ఏడాదితో హైస్కూల్ అయిపోతుంది. ఇంటికి దగ్గర్లో ఒక కాలేజీలో సీటొచ్చింది, ఎక్కడో దూరాన అరిజోనాలోనూ వచ్చింది. ఏప్రిల్ ఆఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

డ్రాఫ్ట్ చివరి రోజు, శనివారం మధ్యాహ్నం, తను వచ్చి టీవీ పక్కన నిలబడింది.

"డాడీ, కాలేజ్ గురించి మాట్లాడాలి."

"ఈ పిక్ అవనీ తల్లీ."

ఆ పిక్ అయింది, ఒక కుర్రాణ్ణి ఎంచుకున్నారు. తర్వాత ఇంకొకటి. చివరి రోజు తీసుకునేవాళ్ళలో చాలామంది సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యేసరికి జట్టులోనే ఉండరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చూస్తున్నాను. తను కాసేపు నిలబడి, "పోన్లే, చూసుకో" అని లోపలికి వెళ్ళింది. కోపంగా కూడా అనలేదు. మర్నాడు నేనే అడుగుదామనుకున్నాను. మర్నాడంతా కొత్తగా తీసుకున్నవాళ్ళ కాలేజీ వీడియోలు చూశాను.

ఆ వారంలోనే మా ఆవిడ చెప్పింది, అరిజోనాకి ఖాయమైపోయిందని.

"నన్ను ఒక్కమాట అడగలేదే" అన్నాను.

"అడగడానికి వచ్చిందిగా" అంది.

ఆ ఆదివారం తెలుగు చర్చికి డ్రైవ్ చేస్తూ, వెనక సీట్లో ఉన్న అమ్మాయిని అడిగాను, అంత దూరం ఎందుకని.

"మేము డిసైడ్ చేసేశాం, డాడీ."

ఇక్కడ పుట్టిన పిల్లలు మేము, మనం కలిపేస్తారు. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట. ఎన్నేళ్ళుగానో దిద్దుతున్నాను. అలవాటుగా అనేశాను, "మేము కాదమ్మా, మనం. నన్ను కూడా కలిపితే మనం అనాలి."

"తెలుసు డాడీ. నువ్వు లేవు కదా. నేనూ మమ్మీనే."



ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల, అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. రొట్టె తీసుకునే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవాలి, తప్పు చేశామనిపిస్తే తీసుకోకూడదు. కళ్ళు మూసుకుంటే శనివారం నాటి టీవీయే కనబడింది. పళ్ళెం నా దగ్గరికొస్తే తీసుకోకుండా పక్కాయనకు అందించాను. అలా చేయడం వల్ల జరిగిందేమీ లేదు. తీసుకోవాల్సిన నిర్ణయం వాళ్ళు అప్పటికే తీసుకున్నారు.

జూలై చివర్లో జట్టు ప్రాక్టీస్‌ని అభిమానుల్ని చూడనిస్తారు. రమ్మంటే అమ్మాయి వచ్చింది. ఎండలో స్టాండ్స్‌లో కూర్చున్నాం. కొత్త కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నెట్టుకుంటున్నారు. ఎవడేంటో తనకి తెలియదు. నేనే చెప్పాను. ఎవడిది ఏ కాలేజీ, ఎవడి మడమకు ఆపరేషన్ అయింది, ఎవణ్ణి ఉంచుకుంటారు. ఊ కొడుతూ విన్నది. చెప్పడం అయిపోయాక అడిగాను.

"నేను ఆ రోజు టీవీ ఆపి ఉంటే?"

"ఏమో డాడీ. వెళ్ళొద్దంటావేమో అని వచ్చాను. అంటే ఉండిపోయేదాన్ని."

"ఇప్పుడు వెళ్ళొద్దంటే?"

"ఇప్పుడు రూమ్‌మేట్ కూడా కుదిరింది."

సారీ చెప్పాను. "ఇట్స్ ఓకే" అంది, చాలా మర్యాదగా. టోపీ కిందికి లాక్కుని మళ్ళీ గ్రౌండ్ వైపు చూసింది. తనకి చూడాలని లేదని, నా కోసం చూస్తోందని తెలుస్తూనే ఉంది. ఇక వెళ్దామా అని ఎంతకీ అడగలేకపోయాను.