బల్ల కింద చెప్పిన మాట

మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. నాదైతే గంపగయ్యాళి గొంతని మా అన్నయ్యే అంటాడు. మా వదినది మాత్రం పక్కనున్నవాళ్ళకి కూడా అందని గొంతు. ఆవిడ ఒక మాట మొదలుపెడితే మేము అందుకుని పూర్తి చేసేవాళ్ళం, అదీ తప్పుగా.

వదిన ముందుగదిలో జాకెట్లు కుడుతుంది. ఆ పని మధ్యలోనే ఫోనుతో ఒక చిన్న సినిమా తీసింది. మా ఊరి సినిమా సంఘంవాళ్ళు ఆదివారాలు కొత్తవాళ్ళ చిత్రాలు వేస్తారు. అయ్యాక సమీక్షకుడు లేచి నాలుగు మాటలు చెబుతాడు. ఆయన్ని పెదవివిరుపు మాస్టారంటారు, ఎందుకో చెప్పక్కర్లేదు. వదిన సినిమాలో మాటలన్నీ కుట్టుమిషను చప్పుడులో కొట్టుకుపోయాయి.

"బొమ్మ బాగానే ఉందమ్మా. మాటే వినబడలేదు," అన్నాడాయన.

హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం ఇంటికొచ్చి, ఆయనన్నది నిజమేననీ, ఈసారి వినబడి తీరాలనీ అంది. ఆవిడ పంతం పట్టడం నేను చూసింది అప్పుడే.

రెండో సినిమా కథ వేలెడంత. భార్య వడ్డిస్తూ తనకీ ఆకలేస్తోందంటుంది. భర్తకి వినబడదు. మళ్ళీ అంటుంది. అంతే. భర్త వేషం వెయ్యమని అన్నయ్యని బతిమాలితే, తినే వేషమైతే సరేనన్నాడు. వాడికదేం కొత్త, రోజూ వేసేదే. భార్యగా వదినే నటించింది. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఫోను పట్టుకునే పెత్తనం నాది.

మాటల్ని విడిగా ఫోనులో రికార్డు చేశాం. కుట్టుబల్ల చుట్టూ బొంతలు కప్పి, ఫ్యాను ఆపించి, ఇద్దరం కిందకి దూరాం. ఇంట్లో ఎవరైనా దగ్గితే నేను ఇల్లు పీకి పందిరేసేదాన్ని. చెమటతో ముద్దయిపోతూ వదిన ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పింది. విసుగొచ్చి, కాస్త గట్టిగా అరవరాదూ అన్నాను.

"అరిస్తే ఎవరైనా వింటారు. నా గొంతుతోనే వినబడాలి," అంది.

నేను ఫోను ఆవిడ నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టాను.

ఆ ఆదివారం పొద్దున్నించీ వదిన కాలు ఒకచోట నిలవలేదు. హాలు నిండింది. సినిమా మొదలైంది. ఆ మెత్తని గొంతు వెనక గోడ దాకా వెళ్ళింది: "నాకూ ఆకలేస్తోంది." తెర మీద అన్నయ్య తలెత్తలేదు. మళ్ళీ అదే మాట. హాల్లో ఎవరూ కదల్లేదు. మూడోసారి వినబడేసరికి, నా పక్కనున్న అన్నయ్య వదిన వైపు తిరిగాడు. మా ఇంటి గొంతు కదా, గుసగుసలాడటం చేతకాదు.

"ఇంతకీ పొద్దున నువ్వు తిన్నావా?"

హాలు నవ్వులతో, చప్పట్లతో దద్దరిల్లింది. దీపాలు వెలిగాక మాస్టారు లేచాడు. ఆయన పెదవి విరవలేదు.

"వినబడింది," అన్నాడు. "ఆ భర్తగారికి కూడా వినబడింది. ఇక నేను చెప్పేదేముంది?"

నాకు ఏడుపు ఆగలేదు, సంతోషంతోనే లెండి. వదినని వేదిక మీదికి పిలిచి మైకిచ్చారు. ధన్యవాదాలు చెబుతుందనుకున్నాం. ఆవిడ మైకు పక్కన పెట్టేసి, అన్నయ్యకేసి చూసింది.

"తినలేదండీ."

వెనక వరుస దాకా వినబడింది.